అతుకుల పటము: శాసన దత్తాంశనిధి రేఖాపటమును పలు పుటలపై ముద్రించి కూర్చు విధము

ఒక పుటలో ఇమడని రేఖాపటమును పలు పుటలపై ముద్రించి, ఆ పుటలను అతికి గోడకు తగిలించుట తెలుగు శాఖవారు చర్చింపదగిన విషయమా యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. మాకును మొదట అది బంట్రోతుచే చేయింపదగిన పనిగనే తోచినది. కాని 12 పుటల పటమునందు ఒక్క అతుకు తప్పుగా పడుటచే, ముఖలింగమున అఖండదీపము పెట్టించిన యొక గృహిణి దానము రాజుగారి లెక్కలోనికి పోయినది. ఆ తప్పు ఒక సిద్ధాంత వ్యాసపు చిత్తుప్రతి వరకును నడచినది. అందుచే ఈ పనిని గూర్చి కొంత వివరముగ వ్రాయుట యుక్తమని తలంచితిమి.

మేము కూర్చుచున్న దత్తాంశనిధి శ్రీకాకుళము జిల్లాలోని శ్రీముఖలింగ, శ్రీకూర్మ క్షేత్రముల శాసనములకు సంబంధించినది. ముఖలింగము వంశధార యెడమగట్టున నున్నది. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయములు అచ్చటివే. తూర్పు గాంగుల రాజధానియగు కళింగనగరము ఇదియే యని పండితులు నిర్ణయించిరి. ఆ సమీపమునందలి పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు ముఖలింగ శాసనములను స్వయంకృషిచే చదువ నేర్చినవారు. వ్యావహారిక భాషకై జీవితమును ధారపోసిన ఆయన పేరును ఈ గ్రాంథిక వ్యాసమున తలంచుచున్నందుకు మన్నింతురుగాక. శ్రీకూర్మము శ్రీకాకుళ పట్టణమునకు తూర్పున సముద్రమునకు చేరువగ నున్నది. ఈ రెండు చోట్ల శాసన పాఠములును దక్షిణ భారత శాసన సంపుటములలో 5వ దానియందు 1925లో అచ్చయినవి. మా పనికి ఆ సంపుటమే ముఖ్యాధారము.

శాసనపు కూర్పు మన విద్యార్థులకు తెలిసినదే. సాధారణముగ మొదట శకవర్షము, రాజ్యము చేయుచున్న రాజు పేరు, ఆతని రాజ్యసంవత్సరము వచ్చును. పిదప తిథివారములు. ఆ మీదట దాత పేరు, దాత యెవరి కుమారుడో యెవరి భార్యయో తెలుపు మాట. అటుపై దేవుడు, దానము, దానిని నడుపవలసినవారు. తుదకు ఒక రక్షావాక్యము. రాజు పేరు మొదట వచ్చినంత మాత్రమున దానమిచ్చినవాడు రాజు కాడు. ఆ పేరు కాలమును తెలుపుటకు వచ్చినది. దాత పేరు తరువాత వేరుగ వచ్చును. ఈ భేదము శాసనములు చదువువానికి ఓనమాల వంటిది. మా అతుకు చెరిపినది దీనినే.

డేటాబేసు అని నేడు వాడుకలోనున్న దత్తాంశనిధియందు ఈ యంగములను వేర్వేరు పట్టికలలో నుంతురు. శాసనమున కొక పట్టిక, వ్యక్తి కొకటి, రాజున కొకటి, కాలమున కొకటి, దానమున కొకటి, నాణెమున కొకటి. ప్రతి పట్టికలోని ప్రతి వరుసకు ఒక సంఖ్య యుండును. ఒక పట్టికలోని సంఖ్యను మరొక పట్టికలో వ్రాయుటచే రెండింటికి సంబంధము కుదురును. ఈ సంబంధ సిద్ధాంతమును ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించెను. వస్తువులను, వాని సంబంధములను పెట్టెలు గీతలుగ చిత్రించు పద్ధతిని పీటర్ చెన్ 1976లో ప్రకటించెను. తరువాత వ్యాపించిన యొక గీతపద్ధతిలో, ఒకదానికి అనేకములు అను సంబంధమును గీత కొసను మూడు పాయలుగ చీల్చి చూపుదురు. దానిని కాకిపాదము అందురు. పట్టికలను, గీతలను చూపు ఈ చిత్రమే మేము చెప్పు రేఖాపటము.

కాలమునకు వేరు పట్టిక యేల యని కొందరు మిత్రులు అడిగిరి. తరువాతి గాంగుల శాసనములలోని అంకపు లెక్క యే దీనికి సమాధానము. అంకములు లెక్కించునప్పుడు 1ని విడిచెదరు, 6తో ముగియు సంఖ్యలను విడిచెదరు, 0తో ముగియు వానిలో 10ని తప్ప తక్కినవానిని విడిచెదరు. కావున 21వ అంకము నిజమునకు 17వ రాజ్యసంవత్సరము. శాసనమున నున్న సంఖ్యను, దాని నిజమైన విలువను, శకవర్షమును విడివిడిగ నుంచనిదే ఈ చిక్కు విడదు. ఇట్లు ఒక్కొక్క చిక్కునకు ఒక్కొక్క పట్టిక చేరి, మా నిధి 23 పట్టికలకు పెరిగినది.

23 పట్టికలను తెరపై చూడవచ్చును గదా, కాగితమేల? మొత్తము పటమును తెరపై నిలిపినచో అక్షరములు కనబడవు. అక్షరములు కనబడునట్లు పెంచినచో నాలుగు పెట్టెలు తప్ప తక్కినవి తెర వెలుపలికి పోవును. నలుగురు కూర్చుండి వ్రేలు పెట్టి చూపి వాదులాడుకొనవలెనన్న గోడమీది కాగితమే శరణ్యము. అందులోను తెలుగు లిపికి ఒక ప్రత్యేకమైన యిబ్బంది కలదు. ఆంగ్లాక్షరములు 6 పాయింట్ల పరిమాణమున నైనను చదువవచ్చును. మన లిపిలో అదే పరిమాణమున క్రిందివత్తులు ముద్దయై, 'శాసన కర్త' యను పేరులోని వత్తు ఏదో పోల్చుకొనుట కష్టమగును. అందుచే మేము 9 పాయింట్లకు తగ్గరాదని నిర్ణయించుకొంటిమి. ఆ లెక్కన పటము వెడల్పు 715 మిల్లీమీటర్లు, ఎత్తు 801 మిల్లీమీటర్లు వచ్చినది. దీనిని ఒకే ఎ4 పుటకు కుదించినచో అక్షరము 2.4 పాయింట్లకు దిగును. భూతద్దముతో కూడ చదువలేము.

పెద్ద నగరములలో ఎ0 పరిమాణపు కాగితముపై ముద్రించు యంత్రములు గలవు. ఎ0 అనగా 841 × 1189 మిల్లీమీటర్లు, 16 ఎ4 పుటల పెట్టు. మా పటము దానిలో సులభముగ నిముడును. బొబ్బిలివారు ఒకే పనసమ్రానును తొలిచి చేయు ఏకాండి వీణ వలె, అతుకు లేని పటమునకు వచ్చు సొంపు వేరు. కాని మా పటము వారమున కొకసారి మారుచుండెను. మారినప్పుడెల్ల పట్టణమునకు పోయి పెద్ద కాగితము ముద్రించుకొని వచ్చుట సాధ్యము కాదు. ఎ4 పుటలైనచో మారిన పుటను మాత్రము మార్చవచ్చును. ఈ సౌకర్యమునకు ఆశపడియే అతుకుల పటమును ఎన్నుకొంటిమి. మా తప్పు కూడ ఈ సౌకర్యము దారినే వచ్చినది.

పటమును అడ్డుగ 4, నిలువుగ 3 చొప్పున 12 పుటలుగ విభజించితిమి. మొదటి సంఖ్య వరుసను, రెండవ సంఖ్య ఆ వరుసలోని స్థానమును తెలుపును. 2-3 అనగా రెండవ వరుసలోని మూడవ పుట. ఒకనాడు 2-4 పుట చినిగినది. మా పరిశోధక విద్యార్థిని దానిని బజారులోని యొక దుకాణమున తిరిగి ముద్రింపించి తెచ్చెను. అచ్చటి యంత్రమునందు 'పుటకు సరిపడునట్లు కుదించు' అను ఎంపిక ఆనియుండెను. ఫలితముగ ఆ పుట నూటికి 97 పాళ్ళకు తగ్గినది. కంటికి ఈ తగ్గుదల తెలియదు. పై అంచులు కలిపి అతికినారు, బాగుగనే కలిసినవి. కాని దిగువకు పోవుకొలది ఎడము పెరిగి అడుగున సుమారు 8 మిల్లీమీటర్లయినది. ఆ అడుగుభాగమున ఒక పుటనుండి మరొక పుటకు దాటు గీతలు వరుసగ నాలుగుండెను. వాని నడిమి దూరమును దాదాపు 8 మిల్లీమీటర్లే.

గీతలు తెగినట్లు కనబడినచో ఎవరైనను అనుమానింతురు. ఇచ్చట గీతలు తెగలేదు. ప్రతి గీతయు చక్కగ నొక గీతతో కలిసినది. అది తన పొరుగు గీత, అంతియే. రాజు పట్టికనుండి బయలుదేరి కాలపు పట్టికకు పోవలసిన గీత దాత యను పెట్టెకు చేరినది. వ్యక్తి పట్టికనుండి దాతకు పోవలసిన గీత సాక్షికి చేరినది. కొసను ఒక గీత జంట లేక మిగిలినది. దానిని ముద్రణయంత్రపు సిరాచార యనుకొనిరి.

ఆ పటమును చూచి ఆమె యంత్రమునకు ప్రశ్న వ్రాసెను. దాతల సంఖ్యను రాజుల సంఖ్యతో కలిపి, ఎవరెవరు ఎన్నెన్ని దీపములిచ్చిరో చెప్పుమనెను. యంత్రము అభ్యంతరము చెప్పలేదు. రాజుల పట్టికలో 7వ సంఖ్యయు, వ్యక్తుల పట్టికలో 7వ సంఖ్యయు దానికి వట్టి 7లే. వ్యక్తుల పట్టికలో మేము మొదట వ్రాసిన వారందరును చిన్న సంఖ్యలవారు. వారి దానములన్నియు ఆ సంఖ్య గల రాజుల పేర జమపడినవి. ముఖలింగమున దీపదానముల యందు రాజులదే అగ్రస్థానమని ఒక ప్రకరణము తయారైనది. చదువుటకు అది నమ్మదగినట్లే యుండెను. అదియే దాని ప్రమాదము. ఒక అధికారి భార్య యిచ్చిన దీపమును అనంతవర్మ చోడగంగదేవుని పేర చూచినప్పుడు మాకు అనుమానము కలిగి, అచ్చు పాఠము తీసి చూచితిమి. చోడగంగుని పేరు కాలమును చెప్పు వాక్యమునందే యున్నది. 1078లో పట్టమునకు వచ్చిన ఆ రాజు పేరు ఎన్నియో దానములకు కాలసూచిక. అన్నింటికి దాత కాడు. తప్పు విద్యార్థినిది మాత్రమే కాదు. పుటలపై కొలత గుర్తును ముద్రింపని మాదియు, దానిని మించి, అన్ని గీతలను ఒకేచోట సమానదూరములో దాటించిన మా కూర్పుదియు.

తాళపత్రములను పరిష్కరించువారికి ఆకులు తారుమారగుట క్రొత్త కాదు. దారము తెగినను, అంకెలు చెడినను, పద్యకావ్యమైనచో ఛందస్సు రక్షించును. ఒక ఆకు చివర నిలిచిన పాదము తరువాతి ఆకున సరియైన గణముతో, యతితో, ప్రాసతో అందుకొననిచో ఆకు తప్పినదని వెంటనే తెలియును. రేఖాపటమునకు యతిప్రాసలు లేవు. ఏ గీతయైనను ఏ గీతతోనైనను కలియును. కావున ఆ కాపలాను మనమే కల్పింపవలెను.

కల్పించు మార్గము మన ప్రాంతపు రెవిన్యూ రికార్డులలోనే యున్నది. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి మొదలగు జమీందారీల క్రింద నుండిన గ్రామములు 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము పిదప సర్వే సెటిల్మెంటులకు వచ్చినవి. అట్లు కొలిచిన గ్రామమునకు ఎఫ్.ఎం.బి. అను క్షేత్ర కొలతల పుస్తకముండును. అందు ఒక్కొక్క సర్వే నంబరునకు ఒక్కొక్క పటము. ఆ పటమున పొలపు గట్టు వెలుపల, ప్రతి వైపునను, ఆనుకొనియున్న పొలముల నంబర్లు వ్రాసియుండును. విడి కాగితము చేతికి చిక్కినను దాని పొరుగువారెవరో అదియే చెప్పును. భారత సర్వేక్షణశాఖవారి స్థలపటములును అట్టివే. వారి పాత సంఖ్యాక్రమమున శ్రీకాకుళ పట్టణము 65ఎన్ పటమున, కళింగపట్నము 74బి పటమున నున్నవి. 84వ రేఖాంశము నడుమ పడుటచే, ఒకే జిల్లాలోని యీ రెండు ఊళ్ళకు రెండు పటములు కావలసివచ్చినవి. పటపు అంచున పొరుగు పటముల సంఖ్యలుండుటచే చదువరి దారి తప్పడు.

ఈ పద్ధతిని మా పటమునకు ఇట్లు వర్తింపజేసితిమి. పుట నాలుగంచులందును పొరుగు పుట సంఖ్య ముద్రించితిమి. అతుకును దాటు ప్రతి గీతకు, అతుకుకు ఇరుప్రక్కల, దాని పేరు వ్రాసితిమి. 'రాజు నుండి కాలమునకు' అని 2-3 పుట కుడి అంచున నుండిన, 2-4 పుట యెడమ అంచునను అదే మాట యుండవలెను. ఇదియే మా యతి. దాటు గీతల నడుమ దూరములను కావలెననియే విషమముగ నుంచితిమి. ఒకచోట 5, ఒకచోట 14, ఒకచోట 9 మిల్లీమీటర్లు. పుట జరిగినచో ఒక గీత పొరుగు గీతతో కలిసినను తక్కినవి కలియవు. ఇది అందమునకు కొంత లోటే, సందేహము లేదు.

అంతకంటె ముఖ్యమైనది, పటమును ఎచ్చట తెంచవలెనో కాగితమునకు విడిచిపెట్టరాదు. పదచ్ఛేదము తెలియనివాడు పద్యమును విరిచినట్లు, యంత్రము పుట నిండినచోటనే పెట్టెను నడిమికి కోయును. మై ఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ అను సాధనమున పటము ఎన్ని పుటల వెడల్పు, ఎన్ని పుటల ఎత్తు అని ముందుగ నిర్ణయించు వసతి కలదు. మైక్రోసాఫ్టువారి ఎస్‌క్యూఎల్ సర్వరు మేనేజ్‌మెంట్ స్టూడియోయందు పుటలు తెగుచోట్లను పటముపైననే చూపించుకొనవచ్చును. ఆ గీతలను కంటియెదుట నుంచుకొని పెట్టెలను జరుపవలెను. పరస్పరము ఎక్కువ సంబంధము గలవి ఒకే పుటలో నుండవలెను. మేము రాజు, కాలము, అంకము ఒక పుటకు చేర్చితిమి. వ్యక్తి, దాత, సాక్షి, బంధుత్వము మరొక పుటకు చేర్చితిమి. దానము, దానవస్తువు, నాణెము మూడవదానికి. ఇట్లు సర్దగ అతుకులను దాటు గీతలు సగమునకు తగ్గినవి. శాసనపు పట్టిక మాత్రము అందరికిని చుట్టమే. దానిని నడుమ నుంచి, దూరపు పుటలలో దాని పేరుతో చుక్కలగీత పెట్టెను మరల చూపితిమి. నిజమైన పెట్టె యే పుటలో నున్నదో ఆ సంఖ్యను దానిలో వ్రాసితిమి.

ముద్రణకు ముందు పటమును బొమ్మగ గాక పిడిఎఫ్‌గ భద్రపరచుట మేలు. బొమ్మను పెంచినచో అక్షరముల అంచులు మెట్లుమెట్లుగ పగులును. పిడిఎఫ్‌లో తెలుగు ఫాంటును పొదిగియుంచవలెను. లేనిచో మరొక యంత్రమున సంయుక్తాక్షరములు విడిపోయి 'క్షేత్రము' మూడు ముక్కలగును. అక్రోబాట్ రీడరునందు ముద్రణ పేటికలో పోస్టరు అను ఎంపిక కలదు. పెద్ద పుటను చిన్న పుటలుగ కోయుటయు, ఒక పుట చివరిభాగమును పొరుగు పుటపై మరల ముద్రించుటయు, కత్తిరింపు గుర్తులును, పుటల పేర్లును అందుండి లభించును. అట్లు రెండు పుటలలోను వచ్చు పట్టీని మేము కలుపుటంచు అందుము. మేము దానిని 15 మిల్లీమీటర్లుగ నుంచితిమి. ముద్రణయంత్రము కాగితపు కొస వరకు సిరా పెట్టలేదు గనుక, చుట్టును 10 మిల్లీమీటర్లు వదలగ, ఎ4 పుటపై 190 × 277 మిల్లీమీటర్లు మాత్రమే పనికివచ్చినది. ప్రతి పుటపైనను అడ్డముగ నొకటి, నిలువుగ నొకటి, 100 మిల్లీమీటర్ల కొలత గీతలుండవలెను. ముద్రించిన వెంటనే స్కేలు పెట్టి కొలువవలెను. 97 వచ్చినచో ఆ పుటను చించివేయుటయే. 12 పుటలును ఒకే యంత్రమున, ఒకే కట్టలోని కాగితముపై, ఒకేనాడు ముద్రించుట మంచిది. మన తీరప్రాంతపు తేమకు కాగితము సాగును, అన్ని కాగితములును ఒకే విధముగ సాగవు.

అతుకుటకు వచ్చితిమి. ప్రతి పుటకు ఎడమ అంచును, పై అంచును మాత్రమే కత్తిరింపవలెను. కుడి అంచు, క్రింది అంచు జిగురునకు వదలవలెను. నాలుగంచులును కత్తిరించినచో జిగురు పెట్ట చోటుండదు. మొదటి ప్రయత్నమున మేము చేసినది అదియే. ముందు ఒక్కొక్క వరుసను నిడుపాటి పట్టీగ అతికి, పిదప మూడు పట్టీలను ఒకదానితో నొకటి కలుపవలెను. జిగురు పెట్టుటకు ముందు రెండు పుటలను కిటికీ అద్దమునకు ఆనించి, వెలుతురులో కలుపుటంచులోని గీతలు ఒకదానిపై నొకటి పడినవా యని చూడవలెను. పై అంచున చూచి ఊరుకొనరాదు, అడుగున కూడ చూడవలెను. సినిమా పోస్టర్లకు వాడు మైదా జిగురు గోడకే గాని దీనికి తగదు. పుట తడిసి ముడుతలు పడి గీతలు వంకరపోవును. జిగురు కడ్డీయే మేలు. మారుచుండు పటమైనచో అదియు వలదు, వెనుకవైపున టేపు అంటించుట చాలును, పుటను విప్పి మార్చవచ్చును. ఇంకుజెట్ యంత్రపు సిరా వానచినుకునకు చెదరును. లేజరు యంత్రపు ముద్ర చెదరదు.

అతికిన పిదప ఒకరు గీత పేరును ఎడమ పుటనుండి చదువవలెను, మరొకరు కుడి పుటనుండి బదులు చెప్పవలెను. ప్రూఫు దిద్దునప్పుడు మూలమును ఒకరు చదువ మరొకరు సరిచూచునట్లే. మా పటమునందు అతుకులను దాటు గీతలు ఇప్పుడు 19. పావుగంటలో సరిచూడవచ్చును. ఆ విద్యార్థిని తన ప్రకరణమును మొదటినుండి మరల వ్రాసినది. అందు ఇప్పుడు దాతల పేర్లు వారి వారి స్థానములకు వచ్చినవి. స్త్రీలు ఇచ్చిన దీపములకు వేరుగ నొక విభాగము కూడ ఏర్పడినది. ప్రతి దానమునకు ఎదురుగ ఆమె సంపుటములోని శాసన సంఖ్యను వ్రాసి యుంచినది.

పటమును నిలువ చేయుటను గూర్చి ఒక మాట. పాతకాలపు స్థలపటములను ముక్కలుగ కోసి, ముక్కల నడుమ సన్నని సందు విడిచి, గుడ్డపై అంటించెడివారు. మడతలు ఆ సందులలోనే పడుటచే కాగితము పగులదు. మా పటము స్థిరపడిన పిదప అట్లే నేతగుడ్డపై అంటించి, మడతలు అతుకుల వెంబడినే పడునట్లు చేసితిమి.  చినిగిన పాత 2-4 పుటయు, కుదించుకుపోయిన దాని ప్రతియు శాఖ బీరువాలో ఒకే కవరునందున్నవి. క్రొత్తగ చేరు విద్యార్థులకు మొదట వానినే యిచ్చి, స్కేలుతో కొలువుమందుము.